పాత పికప్ వాహనం కొనేముందు ఏం పరిశీలించాలి?

తెల్లవారుజామున ఏ పట్టణంలోని కూరగాయల మార్కెట్‌కు వెళ్లినా చిన్న సరుకు వాహనాలు బారులు తీరి కనిపిస్తాయి. టాటా ఏస్, మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి వీటిలో మనకు బాగా తెలిసినవి. 2005లో ఏస్, 2011లో దోస్త్ మార్కెట్లోకి వచ్చాయి. పెద్ద లారీ దూరలేని సందుల్లోకి వెళ్లడం, ఒక్క మనిషి సొంతంగా నడుపుకోగలగడం వల్ల ఈ తరగతి వాహనాలు వేలాది కుటుంబాలకు జీవనాధారమయ్యాయి. ఏస్‌కు 'ఛోటా హాథీ' అనే ముద్దుపేరు కూడా వచ్చింది.

అయితే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారిలో చాలామంది కొనేది కొత్త వాహనం కాదు, ఒకరో ఇద్దరో వాడి అమ్మినది. దాని కోసం ఇంట్లోని బంగారం తాకట్టు పెడతారు, లేదా వడ్డీకి అప్పు తెస్తారు. వాహనం నెలరోజులు షెడ్డులో పడితే కిస్తీ ఆగదు, సంపాదన ఆగుతుంది. అందువల్ల ఈ కొనుగోలులో జరిగే పొరపాటు ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి అప్పులో ఉంచగలదు. పాత పికప్‌ను ఏ క్రమంలో, ఏ కారణంతో పరిశీలించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వాహనం అసలు వయసు

పాత వాహనం చూడగానే మనం అడిగే ప్రశ్నలు రెండు: ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? సొంత కారు విషయంలో ఈ రెండు ప్రశ్నలూ చాలావరకు సరిపోతాయి. సరుకు వాహనానికి మాత్రం చాలవు. మీటరు దూరాన్ని లెక్కిస్తుందే కాని మోసిన బరువును లెక్కించదు. పైగా మీటరును విప్పవచ్చు, మార్చవచ్చు. ఐదేళ్లపాటు బ్రెడ్డు, బిస్కెట్లు మోసిన బండి, అంతే కాలం ఇసుక, ఇటుకలు మోసిన బండి మీటరులో ఒకే అంకె చూపించినా వాటి వయసు ఒకటి కాదు.

రిజిస్ట్రేషన్ పత్రం మీద ఖాళీ వాహనం బరువు, సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు రాసి ఉంటాయి. ఉదాహరణకు ఖాళీ బరువు 800 కిలోలు, మొత్తం బరువు 1,550 కిలోలు అనుకుందాం. అంటే డ్రైవరుతో కలిపి 750 కిలోల వరకు మోయవచ్చు. దాని మీద 1,500 కిలోలు వేస్తే మొత్తం 2,300 కిలోలవుతుంది. అనుమతించిన బరువు కంటే ఇది దాదాపు 48 శాతం ఎక్కువ. గతిజశక్తి ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. కాబట్టి అదే వేగంలో ఆపాలంటే బ్రేకులు 48 శాతం అధిక శక్తిని వేడిగా మార్చాలి. ఆ వేడికి బ్రేకు లైనింగులు, డ్రమ్ములు త్వరగా అరుగుతాయి.

ఇనుప తీగను అటూ ఇటూ పలుమార్లు వంచితే ఒక్కసారిగా తెగనిది చివరకు తెగిపోతుంది. దీనినే లోహపు అలసట అంటారు. అధిక బరువుతో గుంతల్లో పడి లేచే చాసిస్‌లోనూ జరిగేది ఇదే. అందువల్ల పాత పికప్‌ను పరిశీలించడం అంటే ప్రధానంగా బరువు మిగిల్చిన గుర్తులను వెతకడమే. ఆ గుర్తులు ఎక్కువగా కనిపించేది పైన కాదు, కింద.

అడుగుభాగం పరిశీలన

కొత్త రంగు, మెరిసే స్టిక్కర్లు, కొత్త సీటు కవర్లు చూసి తృప్తి పడకూడదు. బండిని సర్వీసింగ్ ర్యాంపు మీదికి ఎక్కించి, టార్చిలైటుతో కింది నుంచి చూడాలి. ఇలాంటి వాహనాల్లో చాలావాటి చాసిస్ నిచ్చెన ఆకారంలో ఉంటుంది. రెండు పొడవాటి దూలాలు, వాటిని కలిపే అడ్డదూలాలు ఉంటాయి. కమాన్ కట్టలు చాసిస్‌కు కలిసే చోట్ల ఒత్తిడి ఎక్కువ. పగుళ్లు, అతుకు పలకలు, వెల్డింగ్ గుర్తులు అక్కడ ఉన్నాయేమో మొదట చూడాలి. అడుగుభాగమంతా దుమ్ముగా ఉండి, ఒక్కచోట మాత్రమే కొత్త నల్లరంగు కనిపిస్తే దాని కింద ఏముందో అడగాలి.

తరువాత కమాన్ పట్టీలను లెక్కపెట్టాలి. అదే మోడల్ బండి మరొకటి పక్కన ఉంటే పోల్చడం సులభం. ఎక్కువ బరువు వేయడానికి కొందరు అదనపు పట్టీలు వేయిస్తారు. అమ్మేవారు దీనిని ఒక సుగుణంగా చెబుతారు. కాని అదనపు పట్టీ వల్ల గట్టిపడేది కమాన్ ఒక్కటే. చాసిస్, ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు కంపెనీ ఇచ్చినవే ఉంటాయి. కాబట్టి అదనపు పట్టీ కనిపించిందంటే బండి అధిక బరువు మోసి ఉండే అవకాశం ఎక్కువని గ్రహించాలి. సమతలమైన నేల మీద ఖాళీ బండిని నిలిపి వెనుక నుంచి చూసినప్పుడు ఒక పక్కకు ఒరిగి ఉంటే, ఆ వైపు కమాన్ అలసిపోయిందని భావించవచ్చు.

తుప్పు మరొక ముఖ్యాంశం. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుంచి చేపలు, రొయ్యలు మోసే బండ్లలో మంచు కరిగిన ఉప్పునీరు నిరంతరం కిందికి కారుతుంది. ఉప్పు ఇనుము తుప్పు పట్టడాన్ని వేగిరపరుస్తుంది. ట్రాలీ పలక కింద, చాసిస్ దూలాల లోపలి వైపున చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టి లోహం ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం బొంగురుగా వచ్చి పెచ్చులు రాలుతాయి.

టైర్లు కూడా చాలా సంగతులు చెబుతాయి. టైరు ఒక అంచు మాత్రమే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పిందనో, ముందు భాగం దెబ్బతిన్నదనో అనుమానించాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం అని అర్థం.

ఇంజను, గేర్లు, బ్రేకులు

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉదయం మనం వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచితే, చల్లారిన తరువాత మళ్లీ వస్తామని చెప్పడం మంచిది. చల్లని డీజిల్ ఇంజను సులభంగా స్టార్ట్ కావడం దాని ఆరోగ్యానికి ఒక గుర్తు.

పొగ రంగును గమనించాలి. నల్లని పొగ అంటే డీజిల్ పూర్తిగా మండడం లేదు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం లేదా ఇంజెక్టర్ల లోపం కారణం కావచ్చు. నీలిరంగు పొగ అంటే ఇంజను ఆయిల్ మండుతోంది. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. చలి ఉదయాన కొద్దిసేపు తెల్లని ఆవిరి రావడం సహజమే. ఇంజను వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ వస్తుంటే కూలెంటు నీరు ఇంజను లోపలికి చేరుతోందేమో చూడాలి. ఆయిల్ మూత అడుగున పాలమీగడ వంటి పదార్థం ఉన్నా ఇదే అనుమానం కలగాలి. రేడియేటరు మూతను మాత్రం ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ తెరవకూడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల వాహనాల్లో పొగను శుద్ధి చేసే భాగాలు, సెన్సార్లు ఎక్కువ. వాటి మరమ్మతు ఖరీదైనది. తాళం తిప్పగానే ఇంజను హెచ్చరిక దీపం వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే ఆ దీపాన్ని ఎవరైనా తొలగించారేమో విచారించాలి.

చాలామంది ఖాళీ బండిని నడిపి చూసి సంతృప్తి చెందుతారు. ఇది సరుకు వాహనం కాబట్టి అనుమతించిన మేరకు బరువు వేసి, ఒక ఎత్తు మీదుగా నడిపి చూడాలి. ఎక్కుడులో ఇంజను శబ్దం పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి వచ్చేస్తే గేర్‌బాక్సు, వెనుక ఇరుసు నుంచి ఊళ వంటి శబ్దం వస్తే క్రౌను పినియన్ అరిగి ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు.

కాగితాల పరిశీలన

వాహనం మీద కంటికి కనిపించని మరొక బరువు కూడా ఉంటుంది. అది పాత అప్పులు, పన్నులు, జరిమానాల బరువు. చాసిస్ మీద చెక్కిన నంబరును, ఇంజను నంబరును రిజిస్ట్రేషన్ పత్రంతో అక్షరం అక్షరం పోల్చాలి. చాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి సాధారణంగా 17 ఉంటాయి. ఆ చోట గీకిన, రాసిన లేదా వెల్డింగ్ చేసిన గుర్తులుంటే కొనుగోలు మానుకోవాలి.

పత్రం మీద ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 తప్పనిసరి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు చూడాలి. సరుకు వాహనానికి మొదటి 8 ఏళ్లలో రెండేళ్లకు ఒకసారి, తరువాత ఏటా ఫిట్‌నెస్ పొందాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించితే పర్మిట్ ఉందో లేదో చూడాలి. రోడ్డు పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రం, బకాయి చలాన్లు కూడా సరిచూడాలి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం అధిక బరువుకు చట్టం నిర్దేశించిన జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. బకాయి చలాన్లలో అధిక బరువు కేసులుంటే బండి గతం తెలిసిపోతుంది.

యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 పూర్తిచేయాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. వేరే రాష్ట్రం నుంచి తెస్తే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం పొందాలి. 2014 జూన్ 2 తరువాత హైదరాబాద్‌లో కొని విజయవాడలో నడపాలన్నా ఈ నియమం వర్తిస్తుంది. బీమాను కొన్నవారు 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి.

'కాగితాలు తరువాత చూసుకుందాం' అన్న మాట అమ్మేవారికీ ప్రమాదమే. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, బదిలీ నమోదు కాకపోతే ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. బండి చేతులు మారినా, పేరు మారకపోతే బాధ్యత మారదు.

అసలు ధర ఎంత?

అమ్మేవారు చెప్పే ధర అసలు ధర కాదు. దానికి వెంటనే చేయించవలసిన మరమ్మతులు, టైర్లు, పన్ను బకాయిలు, బీమా, బదిలీ ఖర్చులు కలపాలి. అప్పు చేస్తే వడ్డీ పద్ధతిని కూడా అడగాలి. ఉదాహరణకు 2,00,000 రూపాయలు 12 శాతం 'ఫ్లాట్' వడ్డీకి మూడేళ్లకు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 72,000 అవుతుంది. మొత్తం 2,72,000ను 36తో భాగిస్తే నెల కిస్తీ సుమారు 7,556 రూపాయలు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే లెక్కిస్తారు. కాబట్టి తగ్గుతున్న అసలు మీద చూస్తే నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 21 శాతం. ఈ కిస్తీ, డీజిలు, మరమ్మతులు పోగా ఇంటికి ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకున్న తరువాతే బయానా ఇవ్వాలి.

సారాంశం

సరుకు వాహనం వయసును సంవత్సరాలతో కాక, అది మోసిన బరువుతో కొలవాలి. చాసిస్, కమాన్లు, టైర్లు ఆ బరువును చూపిస్తాయి. చల్లని ఇంజను, సరుకుతో చేసిన ప్రయాణం యంత్రం శక్తిని చూపిస్తాయి. కాగితాలు, వడ్డీ లెక్క మన మీద పడబోయే బరువును చూపిస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చూడనివ్వకుండా అమ్మేవారు తొందరపెట్టినా, ఆ బేరం వదులుకోవడమే లాభం.

అభ్యాసం

1. అదనపు కమాన్ పట్టీ బండి మోయగల సురక్షిత బరువును ఎందుకు పెంచదు?
2. 1,50,000 రూపాయలకు 10 శాతం ఫ్లాట్ వడ్డీతో రెండేళ్ల కిస్తీ ఎంతో లెక్కించండి.
3. మీ ఊరిలోని ఒక పికప్ డ్రైవరును కలిసి, ఆయన తన బండి కొనేముందు ఏమేమి చూశారో అడిగి రాయండి.