అమెరికా వలసలు: తిరుగుబాటు నుండి రాజ్యాంగం వరకు

ఒక ప్రభుత్వాన్ని తొలగించుకోవడం, దాని స్థానంలో మరొక ప్రభుత్వాన్ని నిలబెట్టుకోవడం ఒకే పని అని మనం సాధారణంగా భావిస్తాము. ఈ భావన సరికాదని అమెరికా చరిత్ర నిరూపిస్తున్నది. అక్కడి పదమూడు వలసలు 1776లో బ్రిటిష్ రాజుకు విధేయతను విడనాడాయి. కాని నిలకడగల ప్రభుత్వం ఏర్పడటానికి మరి పదమూడేళ్ళు పట్టింది.

వివాదం పన్నులతో మొదలయింది. ఫ్రాన్సుతో సాగిన ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పులలో మునిగి ఉన్నది. అమెరికాలోని సైన్యం ఖర్చులో కొంత అక్కడివారే భరించాలని పార్లమెంటు 1765లో స్టాంపుల చట్టం చేసింది. దస్తావేజుల మీద, వార్తాపత్రికల మీద, చివరకు పేకముక్కల మీద కూడా సుంకం పడింది. తాము ఎన్నుకోని సభకు తమపై పన్ను వేసే హక్కు ఎక్కడిదన్నదే వలసవాసుల ప్రశ్న. 1766లో ఆ చట్టం రద్దయింది. కాని వలసలపై ఏ శాసనమైనా చేసే అధికారం తనకున్నదని అదే రోజున పార్లమెంటు మరొక చట్టంలో రాసుకొన్నది.

తరువాతి ఘట్టంలోని కంపెనీ మనకు తెలిసినదే. 1765-66లో బెంగాల్ దివానీని, మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకొన్న ఈస్టిండియా కంపెనీ 1773 నాటికి దివాలా అంచున నిలిచింది. గిడ్డంగులలో పేరుకుపోయిన తేయాకును అమెరికాలో అమ్ముకోవడానికి పార్లమెంటు దానికి ప్రత్యేక వెసులుబాటు కల్పించింది. తేయాకు చౌక అయింది, సుంకం మాత్రం పోలేదు. చౌక సరుకు కోసం హక్కును వదులుకోలేమని 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ వాసులు కొందరు ఓడలెక్కి 342 పెట్టెల తేయాకును రేవులో పారబోశారు. పార్లమెంటు ఆ రేవును మూసివేసి, మసాచుసెట్స్ స్వపరిపాలనను కుదించివేసింది. నేడు దానికి పట్టిన గతి రేపు తమకూ పట్టగలదని మిగిలిన వలసలు గ్రహించాయి. 1775 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయింది. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారనీ, పాలితుల సమ్మతి నుండే ప్రభుత్వానికి న్యాయమైన అధికారం లభిస్తుందనీ దాని సారాంశం. 1783 పారిస్ సంధిలో బ్రిటన్ వారి స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది.

అసలు పరీక్ష అప్పుడు ఎదురయింది. నిరంకుశత్వానికి భయపడి వారు కేంద్రాన్ని మరీ బలహీనంగా నిర్మించుకొన్నారు. 1781లో అమలుకు వచ్చిన సమాఖ్య ఒడంబడిక ప్రకారం కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు. ఒడంబడికను సవరించాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. సైనికుల జీతాలు, యుద్ధపు అప్పులు తీరలేదు. 1786లో మసాచుసెట్స్ రైతులు అప్పుల బాధతో, పన్నుల భారంతో ఆయుధాలు పట్టారు.

1787లో ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు కూర్చొని కొత్త రాజ్యాంగం రచించారు. శాసనం చేసేవారు, అమలు జరిపేవారు, తీర్పు చెప్పేవారు వేరువేరుగా ఉండి ఒకరినొకరు అదుపు చేయాలన్నది దాని మూలసూత్రం. 1789లో జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడయ్యాడు. పౌరహక్కులను కాపాడే పది సవరణలు 1791లో చేరాయి.

ప్రభుత్వ పదవికి ఏ మతపరీక్షా ఉండరాదని ఆ రాజ్యాంగం శాసించింది. 1788లో నార్త్ కరోలినా సభలో దీనిపై వాదం జరిగింది. ఇలాగైతే ముస్లింలు కూడా పదవులలోకి రాగలరని కొందరు ఆక్షేపించారు. ఒక వర్గాన్ని వెలివేస్తే మనం కోరే మతస్వేచ్ఛా సూత్రమే కూలిపోతుందని జేమ్స్ ఐర్‌డెల్ బదులు చెప్పాడు.

ఆ సభ ముస్లింలను ఎప్పుడో రాబోయేవారిగా ఊహించుకొన్నది. నిజానికి ముస్లింలు అప్పటికే ఆ దేశపు పొలాలలో ఉన్నారు, పశ్చిమాఫ్రికా నుండి తెచ్చిన బానిసలుగా. ఆనాటి రాజ్యాంగ పాఠాన్ని అనువాదకుని కంటితో చదివితే ఒక విషయం కనిపిస్తుంది: అందులో ‘బానిస’ అన్న మాట ఎక్కడా లేదు. కాని ప్రతినిధుల లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతులుగా గణించే నిబంధన ఉన్నది. పారిపోయిన వారిని యజమానికి అప్పగించే నిబంధనా ఉన్నది. రాయడానికి సిగ్గుపడిన దానిని చేయడానికి మాత్రం వెనుకాడలేదు.

ఫూతా తోరోలో చదువుకొన్న ఉమర్ ఇబ్న్ సయీద్ అనే పండితుడిని 1807లో చార్లెస్టన్ రేవులో బానిసగా దించారు. తరువాత ఆయన అదే నార్త్ కరోలినాలో దశాబ్దాల పాటు జీవించి, బానిసగానే మరణించాడు. 1831లో అరబీలో రాసిన తన జీవితకథను ఆయన సూరయె ముల్క్‌తో ప్రారంభించాడు. సర్వాధికారం ఎవరిదో చెప్పే సూరా అది. తనను సొత్తుగా లెక్కించిన రాజ్యంలో కూర్చొని ఆయన ఎంచుకొన్న ఆరంభం అదే.

బానిసత్వాన్ని నిషేధించిన సవరణ 1865లో, నాలుగేళ్ళ అంతర్యుద్ధం తరువాత వచ్చింది. పాలకుడిని అదుపులో ఉంచే పద్ధతిని అమెరికా వలసవాసులు లోకానికి చూపించారు. ఇది వారి ఘనత. ‘పాలితుల సమ్మతి’ అన్నప్పుడు పాలితులెవరు అన్న ప్రశ్నకు మాత్రం వారు నిజాయితీగా బదులివ్వలేదు. ఏ జాతి అయినా స్వాతంత్ర్యం పొందిన మరునాడే వేసుకోవలసిన ప్రశ్న అది.