గీతలే ఎందుకు వెలుగుతాయి?

క్రిస్మస్ చెట్టుకు వేలాడే పారదర్శక నక్షత్రంలో దీపం అడుగున ఎక్కడో ఉంటుంది. వెలిగేది మాత్రం మధ్యలో లేజర్‌తో చెక్కిన బొమ్మ. అదెలా?

ఆ నక్షత్రం ఒక అక్రిలిక్ పలక. ఎల్‌ఈడీ కాంతి దాని అంచులోంచి లోపలికి దూరి, నున్నటి ముఖాలను ఏటవాలుగా తాకుతుంది. లంబంతో సుమారు 42 డిగ్రీలకు మించిన కోణంలో తాకిన కిరణం గాలిలోకి రాలేదు, మొత్తంగా లోపలికే మళ్లుతుంది. దీని పేరు సంపూర్ణాంతర పరావర్తనం. పేరు చూసి బెదరకండి, విషయం తేలికే! 1840ల ఆరంభంలో జెనీవా శాస్త్రవేత్త కొలడాన్ వంపు తిరిగిన నీటిధారలో కాంతిని ఇలాగే నడిపించి చూపాడు.

చెక్కిన చోట పలక గరుకుగా ఉంటుంది. అక్కడ కాంతి చెల్లాచెదురై బయటపడుతుంది. మన కంటికి చేరేది అదే.

మరి చెక్కడం? కార్బన్ డయాక్సైడ్ లేజర్ పంపే పరారుణ కాంతిని అక్రిలిక్ పీల్చుకుంటుంది, ఆ వేడికి పైపొర ఆవిరైపోతుంది. ఇళ్లలో వాడే చిన్న నీలి డయోడ్ లేజర్‌కు ఇది చేతకాదు. దాని కాంతి పారదర్శక పలకలోంచి నేరుగా దూసుకుపోతుంది. అందుకే ముందు నల్ల రంగు పూసి, చెక్కాక కడిగేస్తారు. అచ్చుపోసిన అక్రిలిక్ అయితే గీతలు తెల్లగా తేలతాయి. పీవీసీ పలక మాత్రం అసలు వద్దు, దాని పొగ విషం.

లేజర్ దగ్గర పెద్దవాళ్లుండాలి, దానికి తగిన కళ్లద్దాలుండాలి. ఎల్‌ఈడీకి వాడే బిళ్ల బ్యాటరీని చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. మరమూత ఉన్న పెట్టెలోనే బిగించండి.