అధిపీడన ప్రాణవాయు చికిత్స: పరిభాష, ప్రయోజనం, పరిమితులు

వ్యాససంగ్రహం:
వాతావరణ పీడనం కంటే ఎక్కువ పీడనం గల గదిలో రోగి చేత శుద్ధమైన ఆక్సిజన్‌ను పీల్పించే వైద్యవిధానాన్ని 'ఆక్సిజన్ చికిత్స' అని క్లుప్తంగా పిలుస్తుంటారు. ఈ క్లుప్తతలో పీడనం అన్న మాట జారిపోయి, నిరూపితమైన ప్రయోజనాలకూ ప్రచారంలోని వాగ్దానాలకూ మధ్య ఉన్న గీత చెరిగిపోతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాణవాయువు, ఆమ్లజని, పీడనం, మధుమేహ పాదవ్రణం, శాస్త్రపరిభాష.

1. పేరు వెనుక చరిత్ర

ఆక్సిజన్‌కు తెలుగులో ఆమ్లజని, ప్రాణవాయువు అని రెండు పేర్లున్నాయి. మొదటిది ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజర్ 18వ శతాబ్ది చివర గ్రీకు ధాతువులతో కల్పించిన మాటకు యథాతథానువాదం. ఆమ్లాలన్నింటికీ ఈ వాయువే మూలమని ఆయన నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810 నాటి హంఫ్రీ డేవీ పరిశోధనలతో తేలింది. సిద్ధాంతం వీగిపోయినా పేరు మిగిలింది. ఆ పొరపాటును మనం కూడా అనువదించుకొన్నాం.

రెండవ పేరు కథ వేరు. యోగ, ఆయుర్వేద గ్రంథాలలో ప్రాణం పంచవాయువులలో మొదటిది. అక్కడ అది దేహంలోని చలనశక్తికి పేరే గాని గాలిలోని ఒక మూలకానికి కాదు. పాత మాటకు కొత్త అర్థాన్ని అప్పగించినప్పుడు పాత అర్థపు ఛాయ దానిని వదలదు. ఏ మందునైనా మోతాదు మించితే హాని అని సులభంగా ఒప్పుకొనేవారు 'ప్రాణవాయువు' ఎక్కువైతే హాని అంటే సందేహిస్తారు. అధిక పీడనంలోని ఆక్సిజన్ మూర్ఛను కలిగిస్తుందని పాల్ బెర్ట్ 1878లోనే తన గ్రంథంలో వివరించాడు.

నిజానికి చికిత్సాచరిత్రలో ముందు వచ్చింది పీడనమే. ఇంగ్లండులో హెన్షా అనే వైద్యుడు గాలిని కుదించి నింపే గదిని 1662లో ప్రతిపాదించాడు. ప్రీస్ట్లీ ఆక్సిజన్‌ను వేరుచేసింది ఆ తరువాత నూరేళ్లు దాటాకే, 1774లో. అమెరికాలో కన్నింగ్‌హామ్ అనే వైద్యుడి కోసం 1928లో క్లీవ్‌లాండ్ నగరంలో 64 అడుగుల వ్యాసం గల ఉక్కు గోళం కట్టారు. అంతస్తులతో, గదులతో అది ఒక ఆసుపత్రి! అందులో నింపింది కుదించిన మామూలు గాలి. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులకు అక్కడ చికిత్స చేశారు. ఆధారాలు చూపాలని అమెరికన్ వైద్యసంఘం అడిగింది, అవి రాలేదు. యుద్ధకాలంలో, 1942లో, ఆ గోళాన్ని ఉక్కు కోసం విప్పేశారు.

2. పీడనం చేసే పని

ఆరోగ్యవంతుని 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అందులో ఇంచుమించు అంతా హిమోగ్లోబిన్‌కు అంటిపెట్టుకొన్నదే. ద్రవంలో కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. హిమోగ్లోబిన్ అప్పటికే దాదాపు నిండి ఉంటుంది కనుక శుద్ధమైన ఆక్సిజన్ పీల్చినా అది మోయగల బరువు పెద్దగా పెరగదు. పెరగగలది కరిగే భాగం. ద్రవంలో కరిగే వాయువు దాని పీడనానికి అనులోమంగా ఉంటుందని విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రం ఇక్కడ ఆధారం. మూడు వాతావరణాల పీడనంలో శుద్ధమైన ఆక్సిజన్ పీలిస్తే కరిగిన భాగం సుమారు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. విశ్రాంతిలో ఉన్న శరీరానికి అది దాదాపు సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు బోరెమా పందిపిల్లల రక్తాన్ని తీసి ప్లాస్మావంటి ద్రవంతో నింపి, అధిక పీడనంలో వాటిని బ్రతికించి 1960లో ఫలితాన్ని ప్రకటించాడు.

ఈ సూత్రం నుండే ప్రధాన ఉపయోగాలు వచ్చాయి. లోతు నీటి నుండి వేగంగా పైకి వచ్చిన ఈతగాని రక్తంలో ఏర్పడే నైట్రోజన్ బుడగలను పీడనం కుదిస్తుంది, ఆక్సిజన్ వాటిలోని నైట్రోజన్‌ను బయటకు లాగుతుంది. బొగ్గుపొగ విషం, అంటే కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో సగానికి తగ్గడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడితే, మూడు వాతావరణాల ఆక్సిజన్‌లో ఇరవై నిమిషాలకు కాస్త పైన చాలు. వాయు గ్యాంగ్రీన్, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న దవడ ఎముక, అకస్మాత్తుగా వినికిడి కోల్పోవడం కూడా ఆమోదిత జాబితాలలో ఉన్నాయి.

3. పాదవ్రణం: తేలని ప్రశ్న

తెలుగు పాఠకులకు దగ్గరి విషయం మధుమేహ పాదవ్రణం. మానని పుండు చివరకు కాలు తీసివేతకు దారితీయవచ్చు. పుండు మానాలంటే కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ ఏర్పడాలి; తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపాలి. వీటన్నింటికీ ఆక్సిజన్ కావాలి కనుక చికిత్స పనిచేయాలన్న ఊహ సబబైనదే.

అయితే ఊహ వేరు, పరీక్ష వేరు. స్వీడన్‌లో 94 మంది రోగులపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో ఏడాది తరువాత ఆక్సిజన్ పొందినవారిలో 52 శాతం మందికి, అదే పీడనంలో గాలి మాత్రమే పొందినవారిలో 29 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. 2016లో వెలువడిన కెనడా అధ్యయనం మాత్రం పుండ్లు మానడంలోగాని, కాలు తీసివేయవలసిన అవసరంలోగాని తేడా కనుగొనలేదు. రోగుల ఎంపిక, పీడనం, కాలవ్యవధి వేరువేరు కనుక ఒకటి గెలిచిందనీ మరొకటి ఓడిందనీ అనలేం. ఈ వ్యాసకర్త దృష్టిలో 'ఎంపిక చేసిన రోగులకు, మిగతా చికిత్సకు తోడుగా' అన్న పదబంధాన్ని విడిచిపెట్టి 'పుండ్లు మానుతాయి' అని రాయడమే అసలు దోషం. రక్తప్రసరణ సరిచేయడం, చక్కెర అదుపు, పుండు శుభ్రత, పాదంపై బరువు తగ్గించడం మానేసి గదిలో పడుకొంటే కాలు దక్కదు.

4. గుడారాల గణితం

గాలితో ఉబ్బే మెత్తటి గుడారాలు కూడా ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి. వాటిలో పీడనం సుమారు 1.3 వాతావరణాలు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం కనుక అక్కడ దాని పాక్షిక పీడనం 0.27 వాతావరణాలు మాత్రమే. అంటే సాధారణ పీడనంలో 27 శాతం ఆక్సిజన్ పీల్చినట్టే. ఆసుపత్రి వార్డులో మామూలు ముసుగు ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. పీడనాన్ని చెప్పని ప్రకటనలో ఈ తేడా కనిపించదు. ఆటిజం, క్యాన్సర్, ఆల్జీమర్స్ వంటి వాటికి ఈ చికిత్స పనిచేస్తుందన్న ప్రచారాన్ని నమ్మవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది.

చెవిపొర దెబ్బతినడం, చూపు తాత్కాలికంగా మందగించడం, అరుదుగా మూర్ఛ ఈ చికిత్సలో ఎదురయ్యే ఇబ్బందులు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి చికిత్స పొందనివారు ఈ గదిలోకి వెళ్లరాదు. పేరు ఎంత చల్లగా ఉన్నా ఈ వాయువు మంటను పెంచుతుంది. 1997లో మిలాన్ ఆసుపత్రి గదిలో నిప్పంటుకొని 11 మంది మరణించారు. 2025 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఐదేళ్ల బాలుడు ఇటువంటి గదిలోనే అగ్నికి ఆహుతయ్యాడు. రోగికి ఇచ్చే తెలుగు అంగీకారపత్రంలో పీడనం ఎన్ని వాతావరణాలు, ఆక్సిజన్ ఎంత శాతం, ఎన్ని విడతలు, ఏ వ్యాధికి అన్నవి విడివిడిగా ఉండాలి. నిప్పు ప్రమాదం, గదిలోకి తీసుకువెళ్లరాని వస్తువులు కూడా అదే పుటలో ఉండాలి.