కాగితమెక్కని అక్షరాలు

ధర్పల్లిలాంటి మండల కేంద్రంలో దరఖాస్తు పెట్టాలంటే ముందు గుర్తొచ్చేది జిరాక్స్ సెంటరే. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణలో ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు రాష్ట్రమంతటా ఆ షాపుల ముందు జనం బారులు తీరారు. ఆ ఫారం పెన్నుతో నింపేది కాబట్టి పేచీ లేదు. స్క్రీన్ మీదే టైపు చేసే పీడీఎఫ్ ఫారంతోనే అసలు చిక్కు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు అన్నీ కొడతాం, చక్కగా కనబడతాయి. ప్రింటు తీస్తే గడులన్నీ ఖాళీ! టోనర్‌ను తిట్టి లాభం లేదు, ఫారంలో మిగతా అక్షరాలు నల్లగానే పడ్డాయి కదా.

ఏ కంప్యూటర్లో చూసినా, ఏ ప్రింటర్లో తీసినా పేజీ ఒకేలా రావాలని అడోబ్ సంస్థలో జాన్ వార్నాక్ 1991లో తలపెట్టిన పనికి ఫలితం పీడీఎఫ్. అది 1993లో బయటికొచ్చింది. నింపుకునే గడులు 1996లో, పీడీఎఫ్ 1.2తో వచ్చాయి. ఈ గడి పేజీలో భాగం కాదు, పేజీ మీద అంటించిన చీటీలాంటిది. ఆ చీటీకి 'ఎఫ్' అనే అంకె ఒకటి ఉంటుంది. అందులో మూడో బిట్, అంటే 4 విలువ ఉన్నది, 'ప్రింటు చెయ్యి' అన్న అనుమతి. అంకె అసలు రాయకపోతే సున్నా కిందే లెక్క. మరిచిపోయినా వద్దన్నట్టే!

'సబ్మిట్' బటన్ కాగితం మీద అచ్చయితే ఎవరికి పనికొస్తుంది? అలాంటివాటి కోసమే ఈ ఏర్పాటు. 32 విలువ ఉన్న ఇంకో బిట్‌నూ కలిపి 36 అని రాస్తే, స్క్రీన్ మీద కనబడని గడి కాగితం మీద మాత్రం పడుతుంది. తెలివైన ఏర్పాటే గానీ, రాయనప్పుడు 'ప్రింటు చెయ్యి' అని అనుకోవాల్సిందని నా అభిప్రాయం.

టెక్ (TeX) అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం వాడి అక్షరాలు కూర్చేవాళ్లకు ఇది బాగా అనుభవం. హాన్ తే థాన్ చేసిన పీడీఎఫ్‌టెక్‌లో గడిని చేత్తో రాసుకుంటే ఆ 4 కూడా మనమే రాయాలి. సెబాస్టియన్ రాట్జ్ మొదలుపెట్టిన హైపర్‌రెఫ్ ప్యాకేజీ వాడేవాళ్లకు గడులు తేలిగ్గానే తయారవుతాయి, ఆ అంకెను ఓసారి చూసుకుంటే చాలు. దాచుకునే పత్రాల కోసం 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణమైతే ప్రింటు బిట్ ఉండి తీరాలంది. చేతికందిన ఫారాన్ని మార్చే వీలు లేకపోతే, నింపాక గడులను పేజీలో కలిపేసే 'ఫ్లాటెన్' పని చేయించాలి. ఆ తర్వాత తప్పు దిద్దుకునే వీలుండదు కాబట్టి ముందు ఒక కాపీ దాచుకోవాలి.

బిట్ సరిచేశాక మన దగ్గర ఇంకో పేచీ ఉంది. గడికి కట్టిన ఫాంటులో తెలుగు లేకపోయినా, ఒత్తులు కూర్చడం ఆ సాఫ్ట్‌వేర్‌కు చేతకాకపోయినా, 'ధర్పల్లి'లో ప ఒత్తూ ల ఒత్తూ కిందికి దిగవు. పొల్లు అక్షరాలు వరసగా నిలబడతాయి, లేదా డబ్బాలు పడతాయి. అందుకే ఆ గడిలో ఊరి పేరు ఇంగ్లీషులో కొట్టేవాళ్లున్నారు.