రెప్పపాటులో వేడిని కొలుచుట

అంతరిక్షము నుండి భూమికి మరలివచ్చు నౌక సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగముతో వాయుమండలమున ప్రవేశించును. ఎదుటనున్న గాలికి ప్రక్కకు తొలగు వ్యవధి చాలదు. అది నౌక ముందర ఆఘాత తరంగమై అణగి, వేల డిగ్రీల వేడి పొందును. ఆ వేడిలో నౌక గోడకు సోకు భాగమెంతయో ముందుగనే తెలియవలెను. కవచము పలుచనైనచో ప్రాణాపాయము. మితిమీరి మందమైనచో వృథా బరువు. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌక ఎడమ రెక్క అంచు భిన్నమై యుండుటచే వేడి వాయువు లోనికి చొచ్చినది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు అసువులు బాసిరి.

ఇట్టి ప్రవాహమును భూమిమీద కల్పించుటకు షాక్ టన్నెల్ అను సాధనము కలదు. దీనికి మూలమైన షాక్ ట్యూబును 1899లో ఫ్రాన్సు దేశీయుడు పాల్ వియే నిర్మించెను. పొడవైన గొట్టమును పలుచని రేకుతో రెండు భాగములు చేసి, ఒకవైపు వాయువును అధిక పీడనముతో నింపుదురు. రేకు పగిలినంతనే ఆఘాత తరంగము రెండవ భాగములోని వాయువును తాకి దానిని కాగజేయును. ఆ కాగిన వాయువు నాజిల్ గుండా వ్యాకోచించి, ధ్వనికంటె అనేక రెట్ల వేగముతో నమూనాను తాకును.

చిక్కంతయు కాలములో నున్నది. ఈ ప్రవాహము సాధారణముగా కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే నిలుచును. జ్వరమానిలోని పాదరసము కదలుటకైనను ఆ వ్యవధి చాలదు. అందుచేత శాస్త్రజ్ఞులు గాజు ముక్కపై మిల్లీమీటరులో వెయ్యవవంతు కంటె పలుచనైన ప్లాటినము పూత వేసి, దానిని నమూనా ఉపరితలమున పొదుగుదురు. ప్లాటినము వేడెక్కినకొలది దాని విద్యున్నిరోధము పెరుగును. స్థిరమైన స్వల్ప విద్యుత్తును పంపి వోల్టేజి మార్పును గమనించినచో, గాజు ఉపరితలపు ఉష్ణోగ్రత మైక్రోసెకన్ల లెక్కన తెలియును.

అయితే ఉష్ణోగ్రత వేరు, వచ్చిపడు వేడి వేరు. ఒకదానినుండి రెండవదానిని రాబట్టుటకు గాజే తోడ్పడును. ఒక మిల్లీసెకనులో వేడి గాజులోనికి సుమారు మిల్లీమీటరులో పదవవంతు లోతునకే దిగును. కావున కొలది మిల్లీమీటర్ల గాజును అంతులేని లోతు గలదానిగా నెంచి లెక్కింపవచ్చును. చదరపు మీటరునకు 10 లక్షల వాట్ల వేడి ఎడతెగక సోకినను, మొదటి మిల్లీసెకనులో పైరెక్స్ గాజు ఉపరితలము పెరుగునది 24 డిగ్రీలే. దీపశిఖలోనుండి వ్రేలిని తటాలున దాటించినచో కాలకుండుట వంటిదే ఇదియు. నాలుగు మిల్లీసెకన్లకు ఆ పెరుగుదల నాలుగు రెట్లు గాక రెండు రెట్లే యగును. ఏలయన అది కాలముయొక్క వర్గమూలము ననుసరించును.

వేడి క్షణక్షణము మారునపుడు లెక్క మరింత సున్నితమగును. ఈ క్షణపు ఉష్ణోగ్రతలో ఇంతకుముందు వచ్చిన వేడి యంతయు దాగియుండును. కావున మొదటినుండి నమోదైన చరిత్రనంతయు కూడి, ఏ క్షణమున ఎంత వేడి చేరినదో తేల్చుదురు. నమూనా మీది నునుపైన ప్రవాహము సుడులు తిరుగుట మొదలిడినచో, వేడి అనేక రెట్లు హెచ్చును. ఆ మార్పు ఎచ్చట, ఎప్పుడు కలిగినదో వరుసగా అమర్చిన పూతలే తెలుపును. రేకు తునకలు, ధూళి కణములు తగిలి పూత చెరుగు చోట్ల, గట్టిదగు థర్మోకపుల్‌ను వాడుదురు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో షాక్ టన్నెళ్లు కలవు. ధ్వనివేగమునకు 5 మొదలు 12 రెట్ల వేగములను పరీక్షించు వాయుసొరంగమునకు హైదరాబాదులో 2020 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుండి వెడలిన ఎస్.ఆర్.ఇ.-1 అను గుళిక, పండ్రెండు దినములు పరిభ్రమించి, వాయుమండలపు వేడిని దాటి బంగాళాఖాతమున క్షేమముగా దిగినది. అట్టి కవచమునకు ఎంత మందము చాలునో చెప్పగలుగుటకే, గాజుపై వేసిన ఆ పలుచని పూత రెప్పపాటులో పట్టియిచ్చు లెక్క అక్కరకు వచ్చును.