పొలముగట్టు పాలపిట్ట

విజయదశమి నాడు పాలపిట్టను చూడవలెనని మనవారి ఆచారము. జమ్మిచెట్టును పూజించి, ఊరి పొలిమేరకు పోయి, పాలపిట్ట కంటబడిన తరువాతనే ఇల్లు చేరువారు నేటికిని ఉన్నారు. అజ్ఞాతవాసము ముగించి జమ్మిచెట్టుపైనుండి ఆయుధములు దించుకొన్న పాండవులకు ఈ పక్షి కనబడినదనియు, నాటినుండి వారికి జయమే కలిగినదనియు పెద్దలు చెప్పుదురు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము పాలపిట్టను రాష్ట్రపక్షిగాను, జమ్మిని రాష్ట్రవృక్షముగాను ప్రకటించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కూడ ఇదియే రాష్ట్రపక్షి. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎన్నుకొన్నది. మొక్కజొన్న కంకులను, జామకాయలను చిలుకల పాలు చేసుకొన్న రైతును అడిగియుండినచో ఆయన ఏ పక్షికి ఓటు వేసెడివాడో చెప్పనక్కరలేదు.

పాలపిట్ట గోరువంక కంటె పెద్దది, పావురము కంటె కొంచెము చిన్నది. తల పెద్దది, ముక్కు బలమైనది. కూర్చున్నప్పుడు దీని అందము సగము దాగియుండును. వీపు మట్టిరంగు, రొమ్ము ఎరుపుకలసిన గోధుమరంగు; దూరమునుండి చూచువారికి మామూలు పిట్టవలెనే కనబడును. రెక్క విప్పినంతనే ముదురునీలము, లేతనీలము పట్టీలు పట్టీలుగా మెరయును. ఉత్తరాదివారు దీనిని నీలకంఠమందురు గాని, దగ్గరనుండి చూచినచో కంఠము నీలము కాదు. గోధుమరంగుపై తెల్లని చారలుండును. రూపమునకు తగిన గొంతు మాత్రము లేదు. కర్కశముగా అరచును.

దీని వేట చూడదగినది. కరెంటు తీగపైనో, మొండి తాటిపైనో, మోటారు కొట్టు కప్పుపైనో కదలక కూర్చుండి నేలను కనిపెట్టియుండును. గడ్డిలో మిడత కదలినదా, రెక్కలు చాచి దిగి, పట్టుకొని, మరల తన చోటికే చేరును. పెద్ద పురుగైనచో కూర్చున్న కొమ్మకు మోది చంపి మ్రింగును. మిడతలు, కీచురాళ్ళు, పెంకుపురుగులు దీని ముఖ్యాహారము. వానకు లేచు ఉసిళ్ళను గాలిలోనే అందుకొనును. నాగలి వెంట, ట్రాక్టరు వెంట వచ్చి, పెళ్ళలక్రింద బయటపడిన పురుగులను ఏరుకొనును. కొయ్యకాళ్ళు తగులబెట్టినచోట మంట అంచున కాచుకొని, పారిపోవు పురుగులను పట్టును. ధాన్యపు గింజ ముట్టదు. అయితే ఇది మనవద్ద జీతము తీసుకొను పాలేరు కాదు. చిన్న కప్పలను, బల్లులను కూడ తినును, మేలుచేయు పురుగని ఒకదానిని విడిచిపెట్టదు. లెక్క చూచినచో మిగులు రైతువైపే.

పొలములో పురుగుల వేటను పక్షులు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున పంచుకొన్నట్లున్నవి. పాలపిట్ట పైనుండి నేలమీదికి దిగును. పసుల పోలిగాడు, అనగా కొన్నియెడల ఏట్రింత అనబడు నల్లని చీలికతోక పిట్ట, గేదె వీపుపై కూర్చుండి, ఎగురు పురుగును గాలిలోనే పట్టును. ధైర్యములో దీనికి సాటి లేదు. తన గూటివైపు వచ్చిన కాకిని, గ్రద్దను కూడ వెంటబడి తరుమును. అందుచేతనే హిందూస్థానీలో దీనికి కొత్వాలని పేరు వచ్చినది; ఈ కొత్వాలున్న చెట్టుపై సాధుపక్షులు నిర్భయముగా గూడు కట్టుకొనును. గోరువంక నడచుచు వెదకును. కొంగ పశువుల కాళ్ళయొద్ద తిరుగును. చీకటిపడిన పిమ్మట, మనము చావుపిట్టయని తరిమివేయు గుడ్లగూబ వచ్చి ఎలుకలను పట్టును.

మార్చినుండి జూను వరకు పాలపిట్టకు జతకట్టు కాలము. మగపిట్ట నిట్టనిలువుగా పైకి ఎగిరి, అరచుచు, పల్టీలు కొట్టుచు క్రిందికి జారును. గూడు చెట్టుతొర్రలో పెట్టును. మొవ్వ ఎండిన తాటిబోదెలోని తొర్ర దీనికి మిక్కిలి ఇష్టము. మూడునుండి అయిదు తెల్లని గ్రుడ్లు పెట్టును. గట్టున నిలచిన మొండి తాడిని వంటచెరకుకై కొట్టివేయుదుము. దానితో ఒక కాపురము పోవును.

1931-32లో సలీం అలీ నిజాం రాష్ట్రమంతయు తిరిగి ఇక్కడి పక్షులను నమోదు చేసెను. నేడు దేశమంతట పక్షిప్రియులు తాము చూచిన పక్షుల లెక్క వ్రాసి పంపుచున్నారు. ఆ లెక్కలనుబట్టి 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, పాలపిట్టలు సుమారు పన్నెండేండ్లలో నూటికి ముప్పది వంతు తగ్గినవని తెలిపినది. తొర్రలున్న చెట్లు పోయినచో గూడు పోవును. విచ్చలవిడిగా పురుగుమందు చల్లినచో కూడు పోవును.

దసరా ఆచారమే దీనికి మరియొక గండమైనది. పాలపిట్టకు కూర్చుండుటకు ఎత్తు, చూచుటకు బయలునేల రెండును కావలెను. హైదరాబాదులో బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి వంటి ఇళ్ళు క్రిక్కిరిసిన పేటలలో ఆ రెండవది ఎక్కడ? పండుగనాడు పిట్టను చూడగోరు నగరవాసులకొరకు కొందరు పల్లెపొలములలో వలలు పన్ని, పంజరములలో తెచ్చి, పైసలకు చూపుచున్నారు. ఎగిరిపోకుండ రెక్కలు కత్తిరింతురు, కాళ్ళు కట్టుదురు, ఈకలను జిగురుతో అంటింతురు. ఆకలిదప్పులకు అనేకము చచ్చును. శుభమునకై చూచు పక్షికి ఇది మరణశాసనము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపక్షిని చంపుటయే గాక పట్టుట, అమ్ముట కూడ నేరము, శిక్ష కలదు. వలలు మన గట్లపైననే పన్నుదురు గనుక ఆశ్వయుజమాసమున పంచాయతీ కార్యదర్శులు, రైతులు కొత్తవారిపై కన్నువేసి, అటవీశాఖవారికి కబురు చేయవలెను. నగరమందలి బంధువులను పండుగకు ఊరికి పిలిచి, ఉదయమున గట్టువెంట తిప్పినచో తీగపైననే దర్శనమగును.

పాల పేరుతో మరియొక నమ్మకము కూడ ఉండెడిది. ఈకను తరిగి గడ్డిలో కలిపి పెట్టినచో ఆవు ఎక్కువ పాలిచ్చునట! పాలు పెంచునది పచ్చిమేత, దాణా, మంచినీరు. ఈకవలన ఒక్క చుక్కయు పెరుగదు.

పక్షిని పొలమునకు పిలుచుట తేలిక. శనగ, కంది, ప్రత్తి చేలలో పైరుకంటె అడుగు, రెండడుగులు ఎత్తుగా, పైన అడ్డకఱ్ఱ కట్టిన కొయ్యలను ఎకరమునకు 10 నుండి 20 వరకు పాతవలెను. వీనినే పక్షిస్థావరములందురు. పసుల పోలిగాడు, గోరువంక, పాలపిట్ట వీనిపై వ్రాలి శనగపచ్చ పురుగును, ఇతర పురుగులను ఏరివేయును. పురుగు కంటబడకముందే పాతుట మేలు. జొన్న, సజ్జ చేలలో మాత్రము గింజ పాలుపోసుకొనువేళకు తీసివేయవలెను. లేనిచో గింజ తిను పిట్టలకు అవి పీటలగును.

రెక్కలు కట్టిన పాలపిట్ట ఎవరిచేతనైనను దొరికినచో వెంటనే గాలిలోకి ఎగురవేయరాదు. దారములు మెల్లగా కోసి, రంధ్రములు చేసిన అట్టపెట్టెలో, గుడ్డపై, చీకటిగా ఉంచవలెను. నోటిలో నీరు పోయరాదు. పీకిన ఈక తిరిగి మొలచునుగాని, కత్తిరించిన ఈక ఊడి కొత్తది వచ్చువరకు పిట్ట ఎగురలేదు. అంతకాలము మేపువారుండవలెను గనుక ఆనాడే అటవీశాఖ సిబ్బందికి అప్పగించవలెను.