పాలపళ్ల మీద ఊరు

బీచుపల్లి దగ్గర కృష్ణలో దిగేవాళ్లు ముందు పాదంతో రాయిని తడిమి చూస్తారు. ఎండకు బయటపడ్డ బండ గరుకుగా ఉండి కాలికి పట్టు దొరుకుతుంది. నీళ్లలో మునిగిన బండ జారుతుంది, దాని మీద పాచి ఉంటుంది. ఆ పచ్చటి పొరలో నాచూ, కంటికి ఆనని బ్యాక్టీరియా కలిసి కాపురం చేస్తాయి. ఏటి వాలుకు కొట్టుకుపోకుండా తమ ఒంట్లోంచే బంక తీసి రాతిని పట్టుకుంటాయి. తడీ, గట్టి ఆధారమూ ఒక్కచోట దొరికితే చాలు, జీవం అక్కడ ఊరు కట్టేస్తుంది. ఒడ్డున తల్లి చంకలో నవ్వుతున్న ఏడాది బిడ్డకు నాలుగు పళ్లు వచ్చి ఉంటే, వాటి మీదా ఇప్పుడు అదే పని సాగుతోంది.

బిడ్డ భూమ్మీద పడిన గంటల్లోనే నోట్లోకి వలస మొదలవుతుంది. తల్లి ఒంటి నుంచి, ముద్దుల నుంచి, గాలి నుంచి బ్యాక్టీరియా వచ్చి చేరతాయి. స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అనేది నాలుక మీద ముందుగా ఇల్లు వేసుకునేవాటిలో ఒకటి. కానీ నాలుక మీదా, బుగ్గల లోపలా ఎవరికీ శాశ్వత నివాసం లేదు. అక్కడి చర్మం రోజూ పొట్టుగా రాలుతూనే ఉంటుంది, దానితోపాటు దాన్ని అంటిపెట్టుకున్నవీ కడుపులోకి పోతాయి. ఆరో నెల అటూ ఇటుగా కింది చిగురును చీల్చుకుని ఒక తెల్లటి అంచు పైకి వస్తుంది. మన ఒంట్లో పై పొర రాలకుండా నిలిచే చోటు పన్ను ఒక్కటే. స్థిరమైన గట్టు కోసం కాచుకున్న జాతులు అప్పుడు దిగుతాయి. పెద్దల నోళ్లన్నిటా కలిపి ఇంతవరకు గుర్తించినవి దాదాపు 700 రకాలు, ఒక్కొక్కరి నోట్లో వాటిలో కొన్ని వందలు.

ఈ లోకాన్ని మొదట చూసినవాడు వైద్యుడు కాడు, బట్టల వ్యాపారి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్నంలో ఉండే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన చేతులతో అరగదీసుకున్న కటకాల కింద పంటి సందుల్లోని తెల్లటి మెత్తటి పదార్థాన్ని పెట్టి చూశాడు. 1683 సెప్టెంబరులో లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు: అందులో చిన్న చిన్న జీవులు ఈదుతున్నాయి, కొన్ని బొంగరాల్లా తిరుగుతున్నాయి అని. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే మనిషి. అయినా అన్ని కనబడ్డాయి. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగుగా కలిపే గద్వాల మగ్గం దగ్గర కూర్చున్నవారికి, ఒక బట్టల వర్తకుడి చూపు అంత లోతుకు ఎలా వెళ్లిందో వేరే చెప్పనక్కర్లేదు.

లీవెన్‌హుక్ చూసింది చెదిరిన గుంపును. చెదరకుండా చూస్తే ఎలా ఉంటుందో 2016లో అమెరికాలోని వుడ్స్ హోల్ శాస్త్రవేత్త జెస్సికా మార్క్ వెల్చ్, ఆమె సహచరులు బయటపెట్టారు. ఒక్కో జాతికి ఒక్కో రంగు వెలుగు పూసి పాచిని ఉన్నది ఉన్నట్టుగా చూశారు. కొరినీబ్యాక్టీరియం అనే పొడుగాటి తీగలు పంటి వైపు నుంచి బయటికి కిరణాల్లా చాచుకుని ఉన్నాయి. తీగ కొసల చుట్టూ గుండ్రటి స్ట్రెప్టోకాకస్‌లు మొక్కజొన్న పొత్తుకు గింజల్లా అతుక్కుని ఉన్నాయి. బయటి అంచులోనివి చక్కెరనూ ప్రాణవాయువునూ వాడేసి ఆమ్లాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతాయి. ఆ వాయువు కావలసినవి వాటి పక్కన, గాలి అసలు గిట్టనివి లోపలి వరసల్లో. ఎవరి వీధి వారిది. అంత చిన్న చోట ఇంత అమరిక ఉందంటే నాకు నల్లమల అడవిని చూసినప్పుడు కలిగే ఆశ్చర్యమే కలుగుతుంది.

వీటిలో మేలు చేసేవి చాలానే ఉన్నాయి. తోటకూర, పాలకూర తిన్నప్పుడు ఆకుల్లోని నైట్రేట్ లాలాజలంలోకి వస్తుంది. నాలుక వెనక భాగంలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. దాన్నుంచి మన ఒళ్లు రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసుకుంటుంది. ఈ పని మన కణాలకు ఒంటరిగా సరిగా చేతకాదు. పంటి మీద ముందుగా చేరే స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదిలి, పళ్లను పుచ్చబెట్టే జాతిని దగ్గరికి రానివ్వదు.

ఆ పుచ్చబెట్టే జాతి పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చు పళ్లలోంచి దాన్ని వేరుచేశాడు. పిల్లల నోటికి ఇది ఎక్కువగా తల్లి నుంచో, సాకేవాళ్ల నుంచో వస్తుంది. ఎంగిలి చెంచా, వేడి చూసి పెట్టిన ముద్ద, అంతే దారి. దీనికి తల్లిని తప్పుపట్టేవాళ్లంటే నాకు కోపం. ఆ ముద్ద మానేయనక్కర్లేదు. తల్లి తన పుచ్చు పళ్లకు వైద్యం చేయించుకుంటే బిడ్డకు చేరేవి తగ్గుతాయి, గర్భిణిగా ఉన్నప్పుడే ఆ పని జరిగితే మరీ మంచిది. ఇంట్లోవాళ్లు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మ్యూటాన్స్ వచ్చినంత మాత్రాన పన్ను పుచ్చదు. దానికి చక్కెర అందాలి. చక్కెర దొరికితే రెండు పనులు చేస్తుంది: కొంతతో విడివడని బంక అల్లుకుంటుంది, మిగిలినదాన్ని ఆమ్లంగా మారుస్తుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ దీన్ని కొలిచి చూపించాడు. తీపి నీళ్లు పుక్కిలించిన కొన్ని నిమిషాల్లోనే పాచిలో ఆమ్లత్వం పెరిగింది. ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్; అది 5.5 కంటే దిగితే పంటి పింగాణీ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికొస్తాయి. తర్వాత అరగంట, గంటలో లాలాజలం ఆ పులుపును చల్లార్చి, పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి పట్టిస్తుంది. పన్ను రోజూ ఇలా కొంచెం కరుగుతూ, కొంచెం పూడుతూ ఉంటుంది. ఎంత తీపి తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది అందుకే పెద్ద ప్రశ్న.

నల్లమల అడవి గూడేలైన పెంటల్లో చెంచులు తేనెపట్టు దించే కాలం ఏడాదిలో కొన్నాళ్లే. తేనె కూడా చక్కెరే. కానీ అడవి దాన్ని ఏడాది పొడవునా ఇవ్వదు. ఇప్పుడు ప్రతి గూడెం కొట్టులోనూ ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం ఏడాదంతా వేలాడుతుంది. పొద్దున చాయ్‌లో ముంచి ఒకటి, ఏడుస్తే ఒకటి, బడికి పోతూ ఒకటి. లాలాజలానికి పంటిని బాగుచేసుకునే గంట దొరకదు. నిద్రలో లాలాజలం ఊరడమే తగ్గిపోతుంది, కాబట్టి తీపి పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందు పళ్లు ముందుగా పోతాయి. కూలికి వలసపోయి పొద్దంతా పనిలో ఉండే పాలమూరు తల్లి చేతిలో బిడ్డను ఊరుకోబెట్టే సాధనం ఆ పొట్లమే అయినప్పుడు, దోషం ఆమెది అనలేను. పంటి అంచున చిగురుకు ఆనుకుని సున్నపు గీతలాంటి తెల్లమచ్చ కనబడితే అది పుచ్చుకు తొలి గుర్తు. ఆ దశలో పన్ను ఇంకా కోలుకుంటుంది.

చిగుళ్ల కథ వేరు. అక్కడ చక్కెరతో పని తక్కువ, పాచి నిలవ ఉంటే చాలు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడు 12 మందిని పళ్లు తోముకోవద్దన్నాడు. మూడు వారాలు నిండేలోపు అందరి చిగుళ్లూ ఎర్రబారి వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం అటూ ఇటుగా అంతా సర్దుకుంది. పిల్లల్లో ఈ వాపు పెద్దలంత తొందరగా రాదు, ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల ఎక్కువవుతుంది. నెత్తురు వస్తోందని అక్కడ తోమడం మానిపిస్తారు, అదే నష్టం. మెత్తటి బ్రష్షుతో ఆ చోటునే నెమ్మదిగా శుభ్రం చేయాలి. వేపపుల్ల అయినా సరే, కొస మెత్తగా నమిలి కుంచెలా చేసుకున్నాకే.

ఈ ప్రాంతంలో పంటికి ఇంకో చరిత్ర ఉంది, అది రాతిది. ఉమ్మడి పాలమూరు గ్రానైటు రాతి నేలల్లో కొన్నిచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లల పింగాణీ చిగురు లోపల తయారయ్యేటప్పుడే దెబ్బతింటుంది. పన్ను బయటికి వచ్చేసరికే సుద్ద మరకలో, గోధుమరంగు చారలో ఉంటాయి. గార పళ్లని పేరుపెట్టి, ఇటుకపొడితో, బూడిదతో తోమిస్తారు. ఆ రంగు పైన అంటినది కాదు, తోమితే పింగాణీ అరుగుతుందే గానీ పోదు. అదే ఫ్లోరైడ్ కొద్దిగా, పేస్టు రూపంలో పంటికి తగిలితే ఖనిజాన్ని గట్టిపరుస్తుంది, బ్యాక్టీరియా ఆమ్లం చేసే పనికి అడ్డుపడుతుంది. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా పెద్దవాళ్లు పక్కనుండాలి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు ఇళ్లకు చేరుతున్నాయి. కొత్తగా తయారయ్యే పళ్లకు ఆ నీళ్లు ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

ఊడిన పాలపన్నును పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే పిల్లలు అందరికీ గుర్తే. ఎలాగూ ఊడేదే కదా అని పుచ్చును వదిలేసే అలవాటు కూడా అక్కడిదే. కానీ ఆరేళ్లప్పుడు పాలపళ్ల వరసకు వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు మూలలా నాలుగు పెద్ద దవడపళ్లు వస్తాయి. ఊడింది ఏదీ లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు, గమనించినా పాలపళ్లే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి పైభాగంలోని గాళ్లు బ్రష్షు కుచ్చు దూరనంత సన్నగా ఉంటాయి, పాచి మొదట అక్కడే నిలుస్తుంది. దంతవైద్యుడు ఆ గాళ్లను పలచటి పూతతో మూసేస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది, రంధ్రం చేయాల్సిన పని లేదు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికీ, అంగన్‌వాడీకీ వచ్చినప్పుడు పంటి పుచ్చును కూడా చూస్తాయి. ఆరేడేళ్ల బిడ్డ నోరు తెరిచినప్పుడు ఆ చివరి పళ్లదాకా టార్చి వేసి చూడమని అడగండి.